సైకిలెక్కిన సారాయి అంగడి

సారాయి కోసం మనిషి నడిచిపోవడం చూశాను. మా మెట్ట పల్లెల్లో సారాయే మనిషి కోసం సైకిలు కారియరు మీద కూర్చుని రావడమూ చూశాను. కాని అంగడికి అంగడే సైకిలై, తాగేవాళ్ళే దాన్ని తొక్కుకుంటూ వీధులు ఊరేగడం మాత్రం అరవై ఏళ్ళు దాటేదాకా చూడలేదు. చూడడమేమిటి, ఎక్కి తొక్కాను కూడాను! నెల్లూరు జిల్లా ఆడదీ, అందులోనూ ఉదయగిరి కొండ నీడన పుట్టి ఆత్మకూరులో పంతులమ్మగా పనిచేసిన మనిషీ సారాయి బండి తొక్కడమేమిటని ముక్కున వేలు వేసుకునేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. ముందు ఆ బండి సంగతి చెప్పి, తర్వాత మా ఊరి సంగతికి వస్తాను.

మా అబ్బాయి అమెరికాలో మినియాపోలిస్ అనే ఊళ్ళో ఉంటాడు. మిసిసిపి నది ఒడ్డున చక్కని ఊరు. 2023 ఎండాకాలంలో నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఒక శనివారం వాడి స్నేహితుల్లో ఒకతని పుట్టినరోజు. అందరూ కలిసి పెడల్ పబ్ ఎక్కాలని నిశ్చయించుకున్నారు. "అమ్మా, నువ్వు కూడా రావాలి" అని కోడలు పట్టుబట్టింది. పబ్ అన్నమాట వినగానే నేను ససేమిరా అన్నాను. "నువ్వు తాగక్కర్లేదమ్మా, తొక్కితే చాలు. మాకు కాళ్ళు తక్కువయ్యాయి" అన్నాడు మా అబ్బాయి. తాగేవాళ్ళకు నోళ్ళు ఎక్కువై కాళ్ళు తక్కువ కావడం నాకు కొత్త సంగతేం కాదు. సరే, చూద్దామని బయలుదేరాను.

ఆ బండిని మాటల్లో చెప్పడం కష్టమే. మన రథానికీ, కాఫీ హోటలుకూ పెళ్ళి చేస్తే పుట్టిన బిడ్డ అనుకోండి. నాలుగు చక్రాలు, పైన కప్పు. నడిమధ్యన పొడుగాటి కొయ్య బల్ల. ఆ బల్లకు ఇటు అయిదు, అటు అయిదు సైకిలు సీట్లు. కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి. ప్రతి సీటు కిందా పెడళ్ళు. అందరూ తొక్కితే బండి కదులుతుంది, అందరూ మానేస్తే ఆగుతుంది. వెనకాల ఒక బెంచీ ఉంది. దాని మీద కూర్చున్నవాళ్ళు తొక్కనక్కర్లేదు, వాళ్ళ వంతు గ్లాసు మాత్రం వాళ్ళకు వస్తుంది. ముందర కంపెనీ మనిషి ఒకడు కూర్చుని దారి తిప్పుతాడు, బ్రేకు వేస్తాడు. వాడు చుక్క ముట్టకూడదు. అది కంపెనీ కట్టుబాటూ, చట్టమూ కూడా.

ఇదేదో అమెరికా వాళ్ళ వింత అనుకున్నాను గాని, పుట్టింది హాలెండులోనట. 1997లో అక్కడ ఇద్దరు అన్నదమ్ములు మొదటి బండి తయారుచేశారు. పదేళ్ళకు, అంటే 2007లో, అది సముద్రం దాటి ఈ మినియాపోలిస్‌కే వచ్చింది. అక్కణ్ణించి అమెరికాలోని తక్కిన ఊళ్ళకు పాకింది. చిత్రమేమిటంటే, పుట్టింటివాళ్ళే దాన్ని గెంటేశారు. తాగి కేకలు పెట్టడం, వీధుల్లోనే మూత్రవిసర్జన చెయ్యడం, దారికి అడ్డం పడడం భరించలేక ఆమ్‌స్టర్‌డామ్ వాసులు మొరపెట్టుకున్నారు. కోర్టు కూడా ఔనన్నాక 2017 నవంబరు నుంచి ఆ ఊరి నడిబొడ్డున ఈ బండ్లు తిరగడం మానేశాయి. ఇది విన్నప్పుడు నాకు మా వదిన గుర్తుకొచ్చింది. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మొత్తానికి ఎక్కాం. నేత చీర కుచ్చెళ్ళు బొడ్డులోకి దోపుకుని నేనూ ఒక సీటు మీద కూర్చున్నాను. మన పిల్లలే, ఒంగోలు అబ్బాయి ఒకడు, గుంటూరు దంపతులు, వరంగల్లు అమ్మాయి, ఇంకా కొందరు. అందరికీ నేను ఆంటీనే. బండి కదలగానే పాట పెట్టారు. కేకలు, చప్పట్లు. దారిన పోయేవాళ్ళు చేతులూపుతున్నారు. నడిచిపోయే మనిషికంటే కాస్త వేగం, అంతే. చదునుగా ఉన్నంతసేపూ బాగానే ఉంది. తీరా ఒక చిన్న ఎగువ వచ్చేసరికి సగంమంది కాళ్ళు పెడళ్ళ మీద ఉన్నాయి గాని తొక్కడం లేదు. బరువంతా తొక్కేవాళ్ళ మోకాళ్ళ మీద పడింది.

"ఏందిరా, కాళ్ళాడిస్తా ఉండారా, తొక్కతా ఉండారా?" అన్నాను నేను.

అందరూ ఘొల్లుమన్నారు. "ఆంటీ ఒక్కరే తొక్కుతున్నారు!" అన్నాడు ఒంగోలు అబ్బాయి, గ్లాసు పైకెత్తి.

నిజమే. నాకు తొక్కడం కొత్త కాదు. 1991లో నేను సైకిలు నేర్చుకున్నాను. అప్పుడు నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని పెద్ద అక్షరాస్యతా ఉద్యమం జరుగుతోంది. పగలు బళ్ళో పాఠం చెప్పి, రాత్రిళ్ళు పల్లెల్లో కూలినాలి చేసుకునే ఆడవాళ్ళకు అక్షరాలు దిద్దించేదాన్ని. బస్సు లేని దారి. లాంతరు సైకిలు హాండిలుకు తగిలించుకుని మూడు మైళ్ళు పొయ్యేదాన్ని. అదే రోజుల్లో తమిళనాడులో పుదుక్కోట జిల్లా ఆడవాళ్ళు కూడా అక్షరాలతో పాటు సైకిలు నేర్చుకుని వేల సంఖ్యలో రోడ్డెక్కారు. కనక ఆడది సైకిలు తొక్కడానికీ, చదువుకూ మా తరంలో దగ్గరి చుట్టరికం. సైకిలుకూ సీసాకూ చుట్టరికం కలపడం ఈ తరం చేసిన పని.

రెండు గంటల యాత్ర. దారిలో మూడు చోట్ల దిగి మూడు అంగళ్ళు చూశారు. నేను ప్రతి చోటా నిమ్మకాయ నీళ్ళు తాగాను. తలకు నలభై డాలర్ల పైచిలుకు. రూపాయల్లోకి మార్చడం మనకు జబ్బు గదా, మార్చుకుని ఉలిక్కిపడ్డాను. అయినా ఏమాటకామాట చెప్పుకోవాలి. ఎవరూ నోరు జారలేదు, ఎవరూ తూలలేదు. తాగిన ఆడపిల్లలు కూడా హద్దులో ఉన్నారు. నవ్వుకున్నారు, పాడుకున్నారు, ఆరు రోజుల ఆఫీసు అలసట దులుపుకున్నారు. ఇందులో ఏముంది, పోనీ అనుకునేదాన్నే.

బండి దిగిన తర్వాత వచ్చింది చిక్కు.

ఎవరి కార్లు వాళ్ళు ఎక్కుతున్నారు. మా అబ్బాయి ముందే టాక్సీ పిలిచాడు. ఒంగోలు అబ్బాయి మాత్రం తాళం చేతిలో తిప్పుతూ తన కారు వైపు నడిచాడు. ఇంటి దగ్గర భార్యా, ఏడాది పిల్లా ఉన్నారు. "ఇంత దూరానికి టాక్సీ ఎందుకు? నాకేం ఎక్కలేదు. మూడే గ్లాసులు, రెండు గంటల్లో" అన్నాడు. అక్కడి చట్టం ప్రకారం రక్తంలో మద్యం 0.08 శాతానికి చేరితే కారు తోలడం నేరం. మన దేశంలో హద్దు ఇంకా తక్కువ, నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఆ కుర్రాడి రక్తంలో ఎంత ఉందో కొలిచే సాధనం నా దగ్గర లేదు. కాని "నాకేం ఎక్కలేదు" అన్న మాటలో ఎంత ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆ మాట వింటూనే నేను పెరిగాను.

మగపిల్లలు నవ్వుతూ "వద్దురా" అంటున్నారు గాని ఎవరూ గట్టిగా అడ్డం పడడం లేదు. పుట్టినరోజు పూట స్నేహితుణ్ణి నొప్పించడమెందుకని మొహమాటం కాబోలు. నేను దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాను.

"తాళం ఇటివ్వు నాయనా."

"ఆంటీ, నిజంగా నేను బాగానే ఉన్నాను."

"ఉండావు. నేను లేదనలేదే. ఇందాక మన బండి దారి తిప్పినాడే, ఆ పిల్లోడు తాగినాడా?"

"లేదు."

"ఎందుకు తాగలా?"

"రూలు గదా ఆంటీ."

"మనిషి నడిచినట్టు పొయ్యే బండికే తోలేవోడు తాగకూడదని రూలు పెట్టినారు. మరి నీ కారు దానికంటే మెల్లిగా పోతాదా?"

అబ్బాయి నవ్వబోయి ఆగిపోయాడు. నా చెయ్యి అలాగే చాచి ఉంది. అందరూ చూస్తున్నారు. ఒక నిమిషం గడిచింది. ఆ నిమిషం నాకు చాలా పొడుగ్గా తోచింది. చివరికి తాళం నా అరచేతిలో పడింది. మాతో పాటే టాక్సీ ఎక్కించుకుని వాళ్ళింటి దగ్గర దించాం. దారిలో అతను ఒక్క మాటా మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం "గుడ్ నైట్ ఆంటీ" అన్నాడు, కాస్త ముభావంగానే.

ఇంటికి వచ్చాక మా అబ్బాయి అడిగాడు. "అమ్మా, నువ్వంత పట్టుదలగా ఎప్పుడూ ఉండవే! మెల్లిగా చెప్తే నేనే వాణ్ణి ఒప్పించేవాణ్ణి."

అప్పుడు చెప్పాను వాడికి వాళ్ళ మామ సంగతి. మా అన్న పోయేనాటికి వీడికి మూడేళ్ళు. జబ్బు చేసి పోయాడని మాత్రమే తెలుసు. ఆ జబ్బుకు పేరేమిటో చెప్పాల్సిన అవసరం ఆ రాత్రి వచ్చింది.

మా అన్న మంచి పనివాడు. బావులు తవ్వేవాడు. మా మెట్టలో నీళ్ళు పాతాళంలో ఉంటాయి, బావి తవ్వడమంటే రాతితో కుస్తీ పట్టడం. పొద్దుగూకేసరికి ఒళ్ళు పులిసిపోయేది. మొదట ఒళ్ళు నొప్పులకు అని మొదలైంది. అప్పట్లో సారాయి కోసం పెద్ద ఊరికి పోవాల్సి వచ్చేది. 1983లో రాష్ట్ర ప్రభుత్వం వారుణి వాహిని అని ఒక పథకం తెచ్చింది. కల్తీ సారాయి తాగి జనం చావకుండా సర్కారే శుభ్రమైన సారాయిని ప్యాకెట్లలో పోసి ఇస్తుందన్నమాట. పేరు చూడండి, ఎంత సంస్కృతమో! ఆ వాహిని మా పల్లెలకు నిజంగానే వాహినిగా వచ్చింది. మంచినీళ్ళ కుళాయి రాని ఊరికి సారాయి ప్యాకెట్టు సంచీలో, సైకిలు మీద, ఇంటి గుమ్మం దాకా వచ్చింది. 1991-92 నాటికి సారాయి మీద సర్కారుకు ఏడాదికి వచ్చే ఆదాయం 600 కోట్ల రూపాయలు దాటింది. ఆ కోట్లలో మా అన్నవీ కొన్ని రూపాయలున్నాయి.

ఇరవై రూపాయలు కూలి తెస్తే ఇల్లు చేరేది ఏడో, ఎనిమిదో. డబ్బులు లేని రోజున అప్పుగా ఇచ్చేవాళ్ళు. ఆ అప్పు మా వదిన వేరుశనగ చేలో కలుపు తీసి తీర్చేది. పిల్లల్ని బడి మాన్పించి గొడ్ల వెంట పంపింది. చెవి కమ్మలు పోయాయి. పాడి గేదె పోయింది. ఎప్పుడడిగినా "నాకేమైంది, బాగానే ఉండాను" అనేవాడు మా అన్న. 1990లో కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి, నెల్లూరు తీసుకుపోయేలోపలే బస్సులో పోయాడు. ముప్ఫై అయిదేళ్ళు నిండలేదు.

మరుసటి ఏడు నా రాత్రి బడికి మొదట వచ్చి కూర్చున్నది మా వదినే. పలక మీద ఆమె రాసిన మొదటి అక్షరాలు వంకరటింకరగా ఉండేవి. కాని పాఠం చదివి ఊరుకునే మనిషి కాదు. "ఇందులో ఉండేది మన ఊరి కతే గదమ్మే" అనేది. మాకు దగ్గరే కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. అక్కడి ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మగారు ముందు నడవగా, తమ ఊళ్ళో సారాయి అంగడి మూయించారు. ఆ సంగతే 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై కొత్తగా చదువు నేర్చినవాళ్ళ పుస్తకంలోకి ఎక్కింది. పాఠం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచింది. 1992లో జిల్లా అంతా అంటుకుంది. చీపుర్లు, కారం పొడి పట్టుకుని ఆడవాళ్ళు ఊరి పొలిమేరల్లో కాపలా కాశారు. ప్యాకెట్లు గుట్ట పోసి తగలబెట్టారు. నెల్లూరులో సారాయి వేలంపాటలు జరగకుండా అడ్డుకున్నారు. మా వదిన కూడా నెత్తిన సద్ది మూట పెట్టుకుని లారీ ఎక్కి వెళ్ళింది. జీవితంలో ఆమె నెల్లూరు చూడడం అదే రెండోసారి. మొదటిసారి అన్న శవంతో తిరిగొచ్చింది.

మా ఉదయగిరి దుర్గాన్ని పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకు దాదాపు ఏడాదిన్నర పట్టింది. 1513లో ముట్టడి వేస్తే 1514లో గజపతుల కోట లొంగింది. ఆయనకు ఏనుగులూ గుర్రాలూ ఉన్నాయి. చీపురుకట్టల సేనకు కూడా ఇంచుమించు అంత కాలమే పట్టింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారాయి నిషేధించారు. అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాయి నిషేధం. 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం. ఆ మూడేళ్ళు మా పల్లె సాయంత్రాలు ఎట్లా ఉండేవో చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. దీపాలు పెట్టే వేళ ఇళ్ళల్లోంచి కేకలు కాక పోపు చిటపటలు వినిపించేవి.

అయితే, రాజులు గెలిచిన కోట రాజులతోనే పోయినట్టు, ఇదీ నిలవలేదు. 1997లో నిషేధం సడలించారు. సారాయి పోయి సీసాలు వచ్చాయి. ఆ తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా అంగడి యజమాని మారాడు. 2019లో సర్కారే అంగళ్ళు నడిపింది. 2024 అక్టోబరులో రాష్ట్రమంతటా 3,396 అంగళ్ళను లాటరీ తీసి మళ్ళీ ప్రైవేటువాళ్ళకు ఇచ్చారు. రోశమ్మగారు 2016లో కన్నుమూశారు.

ఇదంతా విన్నాక మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. "అత్త ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారి కూడా అనలేదే" అన్నాడు. "నువ్వు అడగలేదు గదా నాయనా" అన్నాను. వాడు తాగడం మానేస్తానని నాకు ఒట్టు వెయ్యలేదు. నేనూ అడగలేదు. పెళ్ళయి పిల్లలున్న మగవాణ్ణి ఒట్లతో కట్టేసే వయసు వాడికీ దాటింది, నాకూ దాటింది. మామ ఫోటో ఉంటే పంపమన్నాడు. ఒక్కటే ఉంది, పెళ్ళినాటిది. దాన్ని పంపించాను.

తిరిగొచ్చాక ఉదయగిరి వెళ్ళాను. అక్కడ కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే కుటుంబాలున్నాయి. ఉదయగిరి చెంచాలకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కోడలికి పంపడానికి అరడజను కొని, పల్లెకు పోయి వదిన ముంగిట్లో కూర్చున్నాను. డెబ్భైకి దగ్గరపడింది. చూపు మందగించింది గాని నాలుక మందగించలేదు. పెడల్ పబ్ కథంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. శ్రద్ధగా విని ఒక్కొక్కటే ప్రశ్న వేసింది.

"తాగేవోళ్ళే తొక్కుకుంటారా?"

"ఆఁ, వాళ్ళే."

"మంచి పని. ఎవుడు తాగేది వోడే తొక్కుకోవాల. మా కాలంలో అట్టా లేదే. మీ అన్న బల్ల ముందర కూచునే, తొక్కింది నేను. పిలకాయలు కూడా తొక్కిరి, గొడ్ల వెనకాల పొయ్యి. వెనక బెంచీ అన్నావే, తొక్కకుండా కూచునేది, ఆడ కూచునింది సర్కారు."

నాకు నోట మాట రాలేదు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, ఈ లెక్క నాకు తట్టలేదు.

"అందరూ తొక్కడం మానేస్తే బండి ఆగిపోతాదా?" అని మళ్ళీ అడిగింది.

"ఆగిపోతుంది."

"మేము చేసింది ఆ పనే. కాళ్ళు తీసేసినాం. మూడేండ్లు ఆగింది."

"తర్వాత మళ్ళీ కదిలింది గదా వదినా?"

"కదలకేం చేస్తాది? కొత్త కాళ్ళు దొరికినాయి. మళ్ళా తియ్యాల" అంది, చాట ముందుకు లాక్కుంటూ. కందిపప్పులో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ ఒంగోలు పిలగాడి తాళం తిరిగిచ్చేసినావా?"

"మర్నాడు పొద్దున్నే వచ్చి తీసుకుపోయాడు. భార్య కూడా వచ్చింది, పిల్లనెత్తుకుని."

"కాపీ ఇచ్చినావా?"

"ఇచ్చాను."

"సరే" అంది వదిన, చాట ఒకసారి విదిలించి.